కూర్చుకోవడమా? కొనుక్కోవడమా?

రజబ్ నెల చివరి రోజులవి. అస్ర్ నమాజు ముగించుకుని గదికి వచ్చేసరికి నంద్యాల నుంచి మా చెల్లెలి ఫోను. కుశల ప్రశ్నలు రెండు మాటలలో ముగించి అసలు సంగతికి వచ్చింది.

“భయ్యా, పిల్ల కంప్యూటరు కావాలంటోంది. కావలసిందే, కాదనను. కానీ తయారుగా ఉన్నది కొననంటోంది. విడిభాగాలు తెచ్చి తానే ఇంట్లో కూర్చుకుంటుందట. నాకు భయంగా ఉంది. మీరొక మాట చెప్పండి.”

మా బావగారు అల్లాహ్ సన్నిధికి చేరుకుని నాలుగేళ్లయింది. నాటి నుంచి కుట్టుమిషనే ఆ ఇంటికి ఆధారం. మేనకోడలు బీకామ్ పూర్తిచేసి, రెండేళ్లుగా అక్కడి ఒక డీటీపీ కేంద్రంలో పనిచేస్తోంది. తెలుగు అను ఫాంట్లలో, ఉర్దూ ఇన్‌పేజ్‌లో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు కంపోజ్ చేస్తుంది. వయసు మీద పడడంతో ఆ కేంద్రం యజమాని పని విరమిస్తున్నారు. పాత ఖాతాదారులు కొందరు పని ఇంటికే తెచ్చి ఇస్తామన్నారు. రెండు మసీదుల కమిటీలు రమజాను సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికను అప్పుడే ఒప్పజెప్పాయి. షాబాను సగం గడిచేలోగా ఆ పని చేతికి అందాలి. ఇంట్లో ఉన్నవి 55 వేల రూపాయలు. అవి నాలుగేళ్ల కుట్టుకూలిలోంచి మిగిల్చినవి. అందులో ఒక్క రూపాయి వృథా అయినా మళ్లీ సమకూర్చుకోవడానికి ఎంత కాలం పడుతుందో మా చెల్లెలికి తెలుసు. అందుకే ఆ భయం.

ఆమె భయానికి మరొక కారణం కూడా ఉంది. అది నా వల్ల కలిగినది.

నేను చేసిన పొరపాటు

ఏడేళ్ల క్రితం మా మదరసాకు ఒక కంప్యూటరు కొనవలసి వచ్చింది. విరాళాల సొమ్ము. బాధ్యత నాకు అప్పగించారు. తక్కువలో వస్తుందని ఊళ్లోని ఒక దుకాణంలో ‘అసెంబుల్డ్’ యంత్రం తీసుకున్నాను. బిల్లు మీద ‘కంప్యూటర్ సెట్ - 1’ అని ఒకే ఒక వరుస ఉంది. లోపల ఏ భాగం ఏ కంపెనీదో, కొత్తదో పాతదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఏడాది వారంటీ అన్న మాట కూడా నోటి మాటే.

ఎనిమిదో నెలలో ఒక రాత్రి కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు లోపల చిటపటమని చప్పుడయింది. ఎస్ఎంపీఎస్ కాలిపోయింది. దానితోపాటు మదర్‌బోర్డు, హార్డ్‌డిస్కు కూడా పోయాయి. రెండేళ్ల విద్యార్థుల మార్కులు, ప్రవేశాల నమోదు, యోగ్యతా పత్రాల నకళ్లు అందులోనే ఉన్నాయి. వేరే కాపీ తీసి ఉంచుకోవాలన్న తెలివి నాకు లేకపోయింది. మరొక మెకానిక్కు విప్పి చూస్తే, హార్డ్‌డిస్కు మీది తయారీ తేదీ మేము యంత్రం కొన్ననాటికి మూడేళ్లు ముందుది! దుకాణదారుణ్ని అడిగితే, “బిల్లులో హార్డ్‌డిస్కు పేరు లేదు కదా” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కాగితపు రిజిస్టర్లు ముందు వేసుకుని, ఇద్దరు విద్యార్థుల సాయంతో రెండు నెలలపాటు అన్నీ మళ్లీ ఎక్కించాను.

ఆనాటి నుంచి ‘అసెంబుల్డ్’ అన్న మాట వింటేనే మా ఇంట్లో అందరికీ బెదురు. “మీకు జరిగిందే దానికీ జరిగితే?” అని చెల్లెలు అడిగిందంటే తప్పు లేదు. వెంటనే జవాబు చెప్పక, రెండు రోజులు గడువడిగాను. పిల్లను వివరాలన్నీ కాగితం మీద పెట్టమన్నాను.

ఈ వీలు ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక కంపెనీ ప్రాసెసరు, మరొక కంపెనీ బోర్డు, ఇంకొక కంపెనీ మెమొరీ తెచ్చి కలిపితే పనిచేయడం ఎలా సాధ్యం? కుట్టుమిషను భాగాలు కూడా అన్నివేళలా అలా కలవవు కదా! దీనికి నాలుగున్నర దశాబ్దాల చరిత్ర ఉంది. 1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు, అన్నీ సొంతంగా తయారు చేసుకోకుండా బయట దొరికే భాగాలతో దానిని నిర్మించింది. ప్రాసెసరు ఇంటెల్‌ది, నడిపే సాఫ్ట్‌వేరు మైక్రోసాఫ్ట్‌ది. పైగా సాంకేతిక వివరాలను పుస్తకంగా ప్రచురించింది. దానితో ఇతరులు కూడా అదే తీరులో యంత్రాలు, భాగాలు చేయసాగారు. 1995లో ఇంటెల్ సంస్థ ‘ఏటీఎక్స్’ అనే కొలమానాన్ని ప్రకటించింది. బోర్డు కొలతలు, మరలు బిగించే రంధ్రాల స్థానాలు, కరెంటు కనెక్టర్ల ఆకృతి ఒక పద్ధతికి వచ్చాయి. ఈనాటికీ విడిభాగాలు ఒకదానితో ఒకటి పొసగడానికి మూలం ఇదే.

అలాగని ఏది పడితే అది కలవదు. పిల్ల పంపిన కాగితం చూశాక నాకీ సంగతి బాగా అర్థమయింది.

లాంగ్‌బుక్కు కాగితంలో రెండు వరుసలు

మేనకోడలు కాగితాన్ని నిలువుగా మడిచి రెండు వరుసలు చేసింది. ఎడమవైపు ‘కొనుక్కుంటే’, కుడివైపు ‘కూర్చుకుంటే’. నేను చదువుకున్న వారిలో కూడా ఇంత నిష్పక్షపాతంగా తన వాదానికి ఎదురు వాదాన్ని రాసినవారు తక్కువ.

ఎడమవైపు ఇలా ఉంది. పేరున్న కంపెనీ తయారు చేసిన డెస్క్‌టాప్‌కు బిల్లు ఒకటే, వారంటీ ఒకటే. ఏ భాగం చెడినా ఒకే నంబరుకు ఫోను చేయాలి. భాగాలన్నీ కలిపి పరీక్షించి పంపుతారు. లైసెన్సు ఉన్న విండోస్ సాధారణంగా అందులోనే వస్తుంది. ఇక లోపాలు: వారంటీ మామూలుగా ఏడాదే, ఎక్కువ కావాలంటే డబ్బు కట్టాలి. తక్కువ ధర వాటిలో మెమొరీ ఒకే ముక్కగా పెడతారు. కొన్ని కంపెనీలు బోర్డునూ, పవర్ సప్లైనీ తమ సొంత కొలతలలో చేస్తాయి. వారంటీ దాటాక అవి చెడితే బజారులో దొరికే మామూలు భాగం అందులో ఇమడదు.

కుడివైపు: ప్రతి భాగమూ మనమే ఎంచుకోవచ్చు. ప్రతి దానికీ వేరువేరు వారంటీ. సీలు వేసిన పెట్టెలో వచ్చే ప్రాసెసరుకు మూడేళ్లు, బోర్డుకు చాలావరకు మూడేళ్లు, ఎస్ఎస్‌డీకి మూడు నుంచి ఐదేళ్లు. ఒకటి చెడితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. లోపం: ఏది చెడిందో మనమే కనిపెట్టాలి. కనిపెట్టాక ఆ కంపెనీ సర్వీసు కేంద్రానికి మనమే తీసుకుపోవాలి. కూర్చేటప్పుడు చేయి జారితే ఆ నష్టం ఏ వారంటీలోకీ రాదు.

అట్టడుగున మొత్తాలు వేసింది. పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. విడిగా కూర్చుకుంటే సగానికి సగం తగ్గుతుందని చాలామంది నమ్మకం. లైసెన్సు ఉన్న విండోస్ ధర కూడా కలిపి లెక్క వేస్తే, ఆమె కాగితంలో తేడా నాలుగు వేల లోపే తేలింది. దుకాణాలలో ‘ఉచితంగా’ ఎక్కించి ఇచ్చే విండోస్ ఉచితం కాదు. అది ఒకరి సొత్తును వారి అనుమతి లేకుండా వాడుకోవడం. ఆ లెక్క తీసివేసి చూస్తేనే అసెంబుల్డ్ యంత్రం అంత చవకగా కనిపిస్తుంది. అమ్మాయి ఆ ధరను దాచకుండా రాసినందుకు నాకు సంతోషం కలిగింది. పైగా మెమొరీ ధరలు 2025 చివరి నెలల నుంచి బాగా పెరిగాయి. నిరుటి ధరలు విని బజారుకు వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

నేను ఫోనులో అడిగాను: “బేటీ, డబ్బులో పెద్ద తేడా లేనప్పుడు ఈ శ్రమ ఎందుకు? అది చెడిపోయిన రోజున ఎవరు బాగుచేస్తారు?”

“నేనే, మామూ. ఆ ప్రశ్న కోసమే నేను కూర్చుకుంటానంటున్నాను. మా సెంటరులో రెండేళ్లుగా మెమొరీ మార్చడం, దుమ్ము దులపడం, విండోస్ ఎక్కించడం నేనే చేస్తున్నాను. ఒక పెళ్లి పత్రిక ఎల్లుండి అచ్చుకు పోవాలంటే, కంపెనీ మనిషి వచ్చేదాకా ఆ పెళ్లి ఆగదు కదా! లోపల ఏముందో నాకు తెలిస్తే, చెడిన భాగం ఒకటి మార్చి ఆ రాత్రికే పని మొదలుపెడతాను.”

మా చెల్లెలు పక్కనే ఉండి వింటున్నట్టుంది. “మరి పగలగొడితే?” అంది. “పగలగొడితే ఆరు నెలలు రాత్రిళ్లు నీ దగ్గర కాజాలు కుడతానమ్మీ” అని పిల్ల జవాబు. ఇద్దరూ నవ్వలేదు.

నేను ఒప్పుకున్నాను. అయితే కొనేటప్పుడు నేను కూడా వెంట ఉంటానన్నాను.

పార్క్‌లేన్‌లో ఒక పూట

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు తెలుగు ప్రాంతాల కంప్యూటరు వ్యాపారానికి ఎంతో కాలంగా పేరుమోసిన చోటు. కర్నూలు నుంచి తెల్లవారుజామున బయలుదేరి ఇద్దరమూ అక్కడికి చేరాం. అంతస్తుల నిండా కొట్లే. మూడు చోట్ల ధరలు రాయించుకున్న తరువాతే కొనాలని ముందే నిశ్చయించుకున్నాం.

మొదటి కొట్టులోనే ఒక చిక్కు ఎదురైంది. తక్కువ ధరకు ఒక ప్రాసెసరు చూపారు. పిల్ల దాని పేరు చదివి వద్దంది. కారణం నాకు తరువాత చెప్పింది. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే అందులో బొమ్మను తెరకు పంపే భాగం ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొంటే తప్ప తెర వెలగదు. ఏఎమ్‌డీ వారి రైజెన్ 5 5600 కూడా అలాంటిదే. అదే పేరు చివర ‘జీ’ ఉన్న 5600జీలో ఆ భాగం ఉంటుంది. కంపోజింగు పనికి విడి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు కనుక ఆమె 5600జీనే కోరింది. ఒక్క అక్షరం తేడాతో ఎన్ని వేలు వృథా కావచ్చో చూడండి!

రెండవది పొత్తు. ఆ ప్రాసెసరు ‘ఏఎమ్4’ అనే సాకెట్టులో కూర్చుంటుంది. కాబట్టి బోర్డు కూడా ఆ సాకెట్టుదే కావాలి. ఆ బోర్డు ‘డీడీఆర్4’ మెమొరీని మాత్రమే తీసుకుంటుంది. ‘డీడీఆర్5’ ముక్కకు గాడి మరోచోట ఉంటుంది, అది ఇందులో దూరదు. ఏ బోర్డు ఏ ప్రాసెసరును అంగీకరిస్తుందో తయారీదారు తన వెబ్‌సైటులో జాబితా ఇస్తాడు. పిల్ల దానిని ముందే చూసి వచ్చింది. మెమొరీ 16 జీబీ ఒకే ముక్కగా కాక 8 జీబీవి రెండు తీసుకుంది. రెండు దారుల్లో సమాచారం నడిచినప్పుడు ఇలాంటి ప్రాసెసరుకు వేగం పెరుగుతుందట.

మూడవది నాకు బాగా తెలిసిన సంగతి. క్యాబినెట్టుతోపాటు ఎస్ఎంపీఎస్ ఉచితంగా ఇస్తామన్నారు. ముందు అద్దం పలక, లోపల రంగు దీపాలు, చూపుకు ముచ్చటగా ఉంది. నా ఏడేళ్లనాటి రాత్రి గుర్తుకు వచ్చింది. వద్దన్నాను. మామూలు రేకు క్యాబినెట్టు తీసుకుని, మిగిలిన డబ్బు ‘80 ప్లస్’ గుర్తింపు ఉన్న పవర్ సప్లై మీద పెట్టాం. ఇంటికంతటికీ కరెంటు తెచ్చే తీగ మీద పిసినారితనం చూపి గోడలకు రంగులు వేయించుకునేవాడిని ఎవరూ తెలివిగలవాడనరు. మన ఊళ్ల కరెంటు ఎలా వచ్చిపోతుందో తెలిసినదే కనుక యూపీఎస్ కూడా జాబితాలో పెట్టాం.

చివరి కొట్టులో బిల్లు లేకుండా తీసుకుంటే రెండు వేలు తగ్గిస్తామన్నారు. ప్రాసెసరు కూడా పెట్టె లేకుండా విడిగా చవకగా ఇస్తామన్నారు. అమ్మాయి నా వైపు చూసింది. రెండు వేలంటే వాళ్లింట్లో ఎన్ని జాకెట్ల కుట్టుకూలో నాకు తెలుసు. అయినా వద్దని తల ఊపాను. బిల్లు లేకపోతే వారంటీకి ఆధారం లేదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. మరొక కొట్టులో ప్రతి భాగం పేరు, దాని సీరియల్ నంబరు వేరువేరు వరుసలలో రాయించుకుని డబ్బు చెల్లించాం. ఏడేళ్ల క్రితం నా చేతిలో ఉండవలసిన బిల్లు అది.

మానిటరుకు డబ్బు చాలలేదు. మూతపడుతున్న డీటీపీ కేంద్రం యజమాని తన పాత మానిటరును, ఒక మూల చిన్న మచ్చ ఉందని చూపించి మరీ, తక్కువ ధరకు ఇచ్చారు. ఆయనకు అల్లాహ్ మేలు చేయుగాక!

చెక్కపీట మీద కూర్పు

జుమా నాటి రాత్రి, ఇషా తరువాత, చెక్కపీట మీద పని మొదలైంది. దుప్పటి మీద, ఉన్ని బట్ట మీద పెట్టకూడదట. అక్కడ పుట్టే స్థిర విద్యుత్తు సున్నితమైన భాగాలను చెరుస్తుంది. పిల్ల ముందుగా క్యాబినెట్టు ఇనుప భాగాన్ని ముట్టుకుంది. ప్రాసెసరు మూల మీద చిన్న బంగారు రంగు త్రికోణం, సాకెట్టు మూల మీద అలాంటిదే మరొకటి. రెండూ ఒకేవైపు ఉంచి, మీటను పైకెత్తి, వదిలితే దానంతట అదే దిగిపోయింది. “ఇక్కడ బలం వాడితే సూదులు వంగిపోతాయి మామూ. దిగకపోతే తప్పు నాదని అర్థం” అంది. దాని మీద ఫ్యాను కూర్చోబెట్టి నాలుగు మరలనూ ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా కాక, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించింది. ఎస్ఎస్‌డీ ఏటవాలుగా దూర్చి చిన్న మర బిగించింది. మెమొరీ ముక్కలు నొక్కితే టక్కుమన్నాయి. తీగలు కలిపింది.

మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉండిపోయింది.

మా చెల్లెలు గోడ దగ్గర కూర్చుని తస్బీహ్ తిప్పుతోంది. ఆమె వేళ్లు ఆగాయి. ఎవరూ మాట్లాడలేదు. నాకు గొంతు తడారిపోయింది. ‘నేను ఒప్పుకోకుండా ఉండవలసింది’ అన్న ఆలోచన రాకపోలేదు. పిల్ల మాత్రం కరెంటు తీసేసి, బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి ఒక్కొక్క బొమ్మ మీద వేలు పెట్టి సరిచూడసాగింది. మెమొరీ తీసి మళ్లీ పెట్టింది. ఫలితం లేదు. ఇరవై నిమిషాల తరువాత “యా అల్లాహ్!” అంది. బోర్డుకు కరెంటునిచ్చే పెద్ద కనెక్టరు పెట్టింది కానీ, ప్రాసెసరుకు విడిగా ఇవ్వవలసిన చిన్న కనెక్టరు బోర్డు పై మూలలో, ఫ్యాను నీడలో ఖాళీగా ఉండిపోయింది. అది కలిపి మీట నొక్కితే తెర మీద అక్షరాలు వెలిగాయి. అల్హమ్దులిల్లాహ్.

చెల్లెలు ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకుని వచ్చింది. మొదటి కప్పు నాకు కాకుండా కూతురికి ఇచ్చింది.

సహరీ, ఇఫ్తార్ వేళల పట్టిక షాబాను పదో తేదీకే రెండు మసీదులకూ చేరింది.

మరి మదరసాకు?

ఇంతవరకు చదివి, కూర్చుకోవడమే మేలని నేను చెబుతున్నానని అనుకోవద్దు. అదే నెలలో మా మదరసాకు కొత్త కంప్యూటరు అవసరమైంది. నేను పేరున్న కంపెనీ తయారు చేసిన యంత్రాన్నే, అదనపు సొమ్ము కట్టి మూడేళ్ల వారంటీతో, ఇంటికే వచ్చి బాగుచేసే ఒప్పందంతో కొన్నాను. విద్యార్థులు కొందరు ఆశ్చర్యపోయారు. “మేనకోడలిని మెచ్చుకుని మీరే ఇలా చేశారేమిటి?” అన్నారు.

కారణం ఒక్కటే. మదరసాలో ఆ యంత్రాన్ని విప్పి చూసేవారెవరూ లేరు. నాకు చేతకాదు. నేర్చిన విద్యార్థి ఒకడున్నా రెండేళ్లలో సనదు తీసుకుని వెళ్లిపోతాడు. అక్కడ ఉండవలసింది జవాబుదారీ వహించే ఒక సంస్థ, ఫోను చేస్తే వచ్చే ఒక మనిషి. నంద్యాలలోని ఆ ఇంట్లో జవాబుదారీ వహించే మనిషి ఇంట్లోనే ఉంది. అందువల్ల రెండు చోట్ల రెండు నిర్ణయాలు. ‘ఏది చవక, ఏది గొప్ప’ అని మొదలుపెడితే వాదన తెగదు. ‘చెడిన రోజున ఎవరు బాధ్యులు’ అని మొదలుపెడితే జవాబు త్వరగా దొరుకుతుంది.

దుకాణదారు కూర్చి ఇస్తే

మన ఇళ్లలో చాలామంది అనుసరించేది మూడో మార్గం. భాగాలు చెప్పి దుకాణంలోనే కూర్పించుకుంటారు. దీని గురించి మదరసాలో పాఠం చెప్పేవాడిగా ఒక మాట చెప్పగలను. కోరిన వివరాల ప్రకారం ఒక వస్తువును చేయించుకునే ఒప్పందాన్ని హనఫీ ఫిఖ్హ్‌లో ‘ఇస్తిస్నా’ అంటారు. చెప్పులు, పాత్రలు చేయించుకోవడం దీనికి పాత పుస్తకాలలోని ఉదాహరణలు. ఇందులో ముఖ్యమైన షరతు, చేయించుకునే వస్తువు జాతి, రకం, పరిమాణం, గుణం తగవుకు తావు లేనంత స్పష్టంగా తెలిసి ఉండటం. ‘కంప్యూటర్ సెట్ - 1’ అన్న మాటలో ఈ నాలుగింటిలో ఏదీ లేదు. ఆనాడు నేను తరగతిలో చెప్పే పాఠాన్ని బజారులో మరచిపోయాను.

అలాగే, అమ్మేవాడి దగ్గర ఉన్నప్పటి నుంచే ఉన్న లోపం కొనేవాడికి తెలియకుండా అమ్మితే, తిరిగి ఇచ్చివేసే హక్కు కొనేవాడికి ఉంటుంది. దానిని ‘ఖియారె ఐబ్’ అంటారు. పాత భాగం అమ్మడం తప్పు కాదు, కొత్తదని నమ్మించి అమ్మడం తప్పు. మచ్చ చూపించి మానిటరు అమ్మిన ఆ పెద్దమనిషికీ, నాకు పాత హార్డ్‌డిస్కు అంటగట్టిన వ్యక్తికీ తేడా అదే. ఈ వ్యాపారంలో ఉన్న మన యువకులు చాలామందే. వారు ఈ పేరా రెండుసార్లు చదవాలని నా కోరిక.

కాబట్టి దుకాణంలో కూర్పించుకునేవారు నాలుగు పనులు తప్పక చేయండి. ప్రతి భాగం కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు బిల్లులో రాయించండి. పెట్టెలు మీ ఎదుటే తెరిపించి, ఖాళీ పెట్టెలను కూడా ఇంటికి తెచ్చుకోండి. విండోస్ లైసెన్సు ఉందా, ఉంటే ఏ రకమో అడగండి. కంపెనీ యంత్రంతో వచ్చేది ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది, విడిగా కొన్నదానిని మరొక యంత్రానికి మార్చుకోవచ్చు. నాలుగవది, మీ ముఖ్యమైన ఫైళ్లకు రెండో కాపీ వేరే చోట ఉంచండి. ఏ వారంటీ అయినా వస్తువును మార్చి ఇస్తుంది, పోయిన రాతలను ఇవ్వదు.

ఇంకొక హెచ్చరిక. ఆఫీసులు వాడి వదిలేసిన పాత డెస్క్‌టాప్‌లు ఇప్పుడు బజారులో చవకగా వస్తున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. అయితే విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ‘టీపీఎం 2.0’ అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సుమారుగా ఎనిమిదో తరం నుంచే దానికి అనుమతి ఉంది. అంతకు ముందు తరంది కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

తల్లిదండ్రులకు

మీ పిల్లలు ‘నేనే కూర్చుకుంటాను’ అంటే వెంటనే కాదనకండి, వెంటనే ఔననీ అనకండి. కాగితం మీద రెండు వరుసలు రాయమనండి. ఎదుటి వరుసలో మంచిని కూడా నిజాయితీగా రాయగలిగినవాడికి ఆ పని చేతనవుతుందని చాలావరకు నమ్మవచ్చు. చెడితే ఏం చేస్తావని అడగండి. జవాబు ‘యూట్యూబులో చూస్తాను’ అన్నంతవరకే అయితే, ముందు ఒక పాత యంత్రాన్ని విప్పి బిగించి నేర్చుకోమనండి. అమ్మాయి అడిగినా అబ్బాయి అడిగినా ఇదే కొలత. మరలు బిగించడం మగపిల్లల పని అని ఎక్కడా రాసి లేదు.

మొన్న చెల్లెలు మళ్లీ ఫోను చేసింది. పక్కింటివారి కంప్యూటరు ఆగిపోతే పిల్ల వెళ్లి చూసి, మెమొరీ తీసి, తుడిచి, తిరిగి పెట్టి వచ్చిందట. వాళ్లు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదట. “తీసుకోవలసింది కదా, భయ్యా?” అని అడిగింది. పొరుగువారి విషయంలో పిల్ల చేసిందే సరి అన్నాను. బయటివారు పిలిస్తే కూలి ముందుగా మాట్లాడుకోమని మాత్రం చెప్పాను.

వస్సలాం.